తెల్లగా తిరిగొచ్చిన కాగితం

ఆదోని,
ఆగస్టు 19, 2024.

అమ్మా స్వప్నా,

మీ మామ దీవెనలు. ఇక్కడ అందరం బాగున్నాం. ఫోన్ చేస్తే మామ ఎత్తడం లేదని మీ అత్త భారతితో అన్నావట. ముప్పై నాలుగేళ్లు డీజిల్ ఇంజన్ల పక్కన నిలబడిన చెవులు తల్లీ ఇవి. నువ్వు ఫోన్‌లో అరిస్తే షెడ్డు మొత్తానికీ వినబడుతుంది, నాకు తప్ప. ఉత్తరమైతే కళ్లజోడు పెట్టుకుని నిదానంగా రెండుసార్లు చదువుకుంటాను. అందుకని నువ్వూ ఉత్తరమే రాయి. అంత చదువు చదివినదానివి, నీకు రెండు పేజీలు బరువా?

పోయిన బుధవారం నువ్వు వచ్చి నా నడుముకు కట్టిపోయిన చిన్న పంపు గురించి రాయాలనే కూర్చున్నాను. నేను ఇంతవరకు కొన్ని వేల డీజిల్ పంపులు విప్పి బిగించాను. అన్నీ తోసేవే. ఇది పీల్చే పంపు. నిమిషానికి రెండు లీటర్ల గాలి పీలుస్తుందని నువ్వు వేళ్లు చూపించి చెప్పావు. చెవి దగ్గర పెట్టుకున్నా చప్పుడు లేదు, నా చెవి సంగతి వదిలేసినా, చేత్తో పట్టుకుంటే వణుకు కూడా లేదు. అరచేతిలో పట్టేంత డబ్బా, దాని నుంచి కాలర్ దాకా సన్నటి గొట్టం. పొద్దున ఎనిమిదింటి నుంచి సాయంత్రం నాలుగింటి దాకా ఒక్క క్షణం ఆగలేదు. దాన్ని చేసినవాడు ఎవడో గానీ వాడి చేతికి దండం పెట్టాలి.

షెడ్డులో అందరూ పని ఆపి చూశారు. శంకరన్న కూడా గుంతలో నుంచి పైకి వచ్చాడు. నీకు గుర్తుందో లేదో, నాకు మొదట స్పానర్ పట్టడం నేర్పింది ఆయనే. లారీని గుంత మీద నిలబెడితే ఆయన కింద దిగి పని చేస్తాడు, పైన ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది. ఉగాది నుంచి ఆయనకు దగ్గు తగ్గలేదు. బీడీ ముట్టని మనిషి. తనంతట తాను ఆసుపత్రి మెట్లు ఎక్కే మనిషి కూడా కాదు. ఏ షెడ్డులో గాలి బాగా చెడిపోయిందో ఆ షెడ్డు వాళ్లందరినీ కర్నూలు తీసుకుపోయి పైసా తీసుకోకుండా స్కాన్ తీయిస్తామని మీ యూనివర్సిటీ సార్ చెప్పాడు చూడు, ఆ మాట కోసమే నేను మిషన్ కట్టించుకున్నాను. మా దేవేంద్రప్పకు ఇష్టం లేదు. షెడ్డు యజమాని కదా, ఏ కాగితం ఎక్కడికి పోయి తగులుతుందో అని భయం.

మిషన్ మాత్రం నువ్వు ఇచ్చిన దానికన్నా బాగా తుడిచి, సర్ది మీ జీపు ఎక్కించాను. మీ సార్ చూసి ఏమన్నాడో రాయి. మా అక్కను అడిగానని చెప్పు.

ఇట్లు మీ మామ,
కుమారస్వామి.


ఎమ్మిగనూరు,
సెప్టెంబరు 12, 2024.

మామా,

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. “మగ్గం ఇడిసిపెట్టి పోయినోడు మిషన్లకు దండాలు పెడతాండాడు” అని నవ్వింది. నవ్వుతూనే రెండోసారి చదవమంది.

ఇప్పుడు నా పని ఇక్కడే, మన వీధిలోనే. డీజిల్ జోలికి పోని వాళ్ల గాలి ఎలా ఉందో తెలిస్తే గానీ మీ గాలి ఎంత చెడ్డదో తెలియదు. అందుకని మగ్గాల మీద కూర్చునే వాళ్లకు అదే పంపు కడుతున్నాను. మొదట అమ్మకే కట్టాను. అది మాటలు కూడా పట్టుకుంటుందేమో అని ఆ రోజంతా పక్కింటి సుగుణమ్మత్త గురించి ఒక్క మాట అనలేదు. ఇరవై ఆరేళ్లలో అమ్మ నోరు అంతసేపు మూసుకుని ఉండగా నేను చూడలేదు. సాయంత్రం పంపు విప్పగానే పొద్దుటి నుంచి దాచిపెట్టినదంతా చెప్పేసింది.

ఫలితాలు వచ్చాయి. ఆదోనిలో తొమ్మిది షెడ్లు చూశాం. ఎనిమిదింటిలో మసి మేము అనుకున్న దానికన్నా చాలా ఎక్కువ. మీ షెడ్డులో దాదాపు ఏమీ లేదు. నీ లెక్క అమ్మ లెక్క కన్నా తక్కువ మామా. మన ఇంటి ముందు మంత్రాలయం బస్సులు పోతాయి కాబట్టి అమ్మకు కొంచెం మసి తేలింది. నీకు అది కూడా తేలలేదు. మా సార్ రెండుసార్లు చూసి, “అక్కడ ఏం చేస్తున్నారమ్మా, లారీలు బాగు చేస్తున్నారా, పూజ చేస్తున్నారా?” అన్నారు.

ఒక్కటి అడుగుతాను, కోపం చేసుకోవద్దు. పంపు ఎనిమిది గంటలూ నీ ఒంటి మీదే ఉందా? పనికి అడ్డమని విప్పి ఏ మేకుకో తగిలించావా? అలా చేసినా తప్పు లేదు, చెబితే చాలు.

పద్ధతి ప్రకారం మీ షెడ్డు పేరు స్కాన్‌ల జాబితాలో రాలేదు. ఫలితాల కాగితం దేవేంద్రప్ప గారికి విడిగా పంపాం. శంకరన్న మామ దగ్గు ఎలా ఉందో రాయి.

నీ మేనకోడలు,
స్వప్న.


ఆదోని,
సెప్టెంబరు 25, 2024.

అమ్మా స్వప్నా,

నీ ఉత్తరం చదివి నా ఛాతీ రెండు అంగుళాలు పెరిగింది. మీ సార్‌కు చెప్పు, ఇక్కడ పూజలేమీ లేవు, పని ఉంది. నేను డీజిల్ పంపు బిగించి పంపిన బండి నల్ల పొగ వదలదు. నల్ల పొగ వస్తే డీజిల్ ఎక్కువ పోతున్నట్టు, నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్టు, తెల్ల పొగ వస్తే నీళ్లు దిగుతున్నట్టు. పొగ చూసి రోగం చెప్పే వాణ్ణి. మిగిలిన ఎనిమిది షెడ్ల వాళ్లు గొట్టం దగ్గర నిలబడి దగ్గుతారే తప్ప చూడరు.

దేవేంద్రప్ప మీ కాగితానికి ఫ్రేము కట్టించి గల్లాపెట్టె పైన తగిలించాడు. వచ్చే లారీ ఓనర్లందరికీ చూపిస్తున్నాడు. వద్దన్న మనిషే ఇప్పుడు తనే నిన్ను పిలిపించినట్టు చెప్పుకుంటున్నాడు.

మేకుకు తగిలించావా అని అడిగావు. లేదు తల్లీ. అన్నం తినేటప్పుడు కూడా విప్పలేదు. ఒంటేలుకు పోయినప్పుడు కూడా విప్పలేదు, మీ సార్‌కు ఆ మాట చెప్పనక్కరలేదు.

శంకరన్నకు దగ్గు అలాగే ఉంది. జాబితాలో పేరు లేకపోతే పోనీ, మనమే ఒకసారి కర్నూలు పోయి చూపించుకుందామని నేను బతిమాలాను. ఆయన ఫ్రేము వైపు వేలు చూపించి, “గాలే బాగుండాదని చదువుకున్నోళ్లు రాసిచ్చినారు గదప్పా. నా రొమ్ము యాడ చెడిపోతాది?” అన్నాడు. నువ్వే రాసిచ్చావు కదా అని ఊరుకున్నాను. ఒక రకంగా ధైర్యంగానే ఉంది.

మా అక్కను నోరు అంతసేపు మూసుకోవద్దని చెప్పు. ఆరోగ్యానికి మంచిది కాదు.

మీ మామ,
కుమారస్వామి.


ఎమ్మిగనూరు,
అక్టోబరు 4, 2024.

మామా,

శంకరన్న మామ అన్న మాట చదివినప్పటి నుంచి నాకు ఏ పనీ సాగలేదు. అందుకే ఈసారి నా పని గురించి వివరంగా రాస్తాను. ఆ రోజు షెడ్డులో చెప్పాను కానీ, పక్కన రెండు ఇంజన్లు తిరుగుతున్నాయి. నువ్వు తల ఊపావు.

నడుముకు కట్టిన పంపు ఏమీ కొలవదు మామా. అది గాలి లాగుతుంది, అంతే. ఎనిమిది గంటల్లో తొమ్మిది వందల అరవై లీటర్లు లాగుతుంది. కాలర్ దగ్గర చిన్న ప్లాస్టిక్ గిన్నెలో తెల్ల కాగితం లాంటిది ఉంటుంది. ఆ గాలంతా దానిలో నుంచి పోతుంది. మసి దాని మీద ఆగిపోతుంది. సాక్షి ఆ కాగితమే. ఆ కాగితాన్ని కాల్చి, అందులో ఎంత బొగ్గు ఉందో తేలుస్తారు. మిషన్ పోయినా పర్వాలేదు, కాగితం పోతే ఆ మనిషి ఆ రోజు పీల్చిన గాలే పోయినట్టు.

మా విశ్వవిద్యాలయంలో పెద్ద మైక్రోస్కోపు కింద నన్ను ఒకసారి చూడనిచ్చారు. డీజిల్ మసిలో ఒక్కొక్క కణం గుండ్రటి చిన్న చిన్న గింజలు గుత్తులు కట్టినట్టు ఉంది. అలాంటి గుత్తులు కొన్ని వందలు వరుసగా పేరిస్తే ఒక వెంట్రుక మందం. ముక్కు ఆపలేదు, గొంతు ఆపలేదు, తిన్నగా ఊపిరితిత్తుల చివరికి దిగిపోతుంది. కాలిన డీజిల్‌లోని విషాలు దానికి అంటుకుని వెంట పోతాయి. పొగ కంటికి కనిపించని బండి నుంచి కూడా ఇవి వస్తాయి. నేను ఆ అద్దం దగ్గర నుంచి లేచి చాలాసేపు బయట నిలబడ్డాను. అది కంటికి అందంగా ఉంది మామా. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, నీకే చెబుతున్నాను.

ఇది మనిషికి ఏం చేస్తుందో ఎలా తెలిసిందంటావా? అమెరికాలో గనుల్లో డీజిల్ బండ్ల మధ్య పనిచేసిన పన్నెండు వేల మంది పైచిలుకు కార్మికుల జీవితాలు వెతికారు. ఎవరు ఏ సంవత్సరం ఏ పని చేశారు, ఆ సంవత్సరం ఆ గనిలో ఎన్ని ఇంజన్లు తిరిగాయి, గాలి ఎంత ఆడింది, అన్నీ పాత దస్తరాల నుంచి తవ్వి తీశారు. వాళ్లలో దాదాపు రెండు వందల మంది ఊపిరితిత్తుల కేన్సర్‌తో పోయారు. మసి ఎక్కువ పీల్చిన వాళ్లలో చావులు ఎక్కువ. ఇలాంటివన్నీ కలిపి చూసి ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2012లో డీజిల్ పొగ కేన్సర్ తెస్తుందని తేల్చి చెప్పారు. పేరు కూడా తెలియని మనుషులు, ఎప్పుడో పోయినవాళ్లు, ఆదోని షెడ్డులో ఉన్న వాళ్ల కోసం ఇప్పటికీ సాక్ష్యం చెబుతున్నారు.

ఇంతకన్నా ఏమీ రాయను. తీరిక చూసుకుని జవాబు రాయి.

స్వప్న.


ఆదోని,
నవంబరు 6, 2024.

అమ్మా స్వప్నా,

జవాబు ఆలస్యమైంది. దసరా, తరువాత దీపావళి. ఇప్పుడు పత్తి వచ్చే కాలం. మార్కెట్ యార్డు దగ్గర లారీలు నిలబడేందుకు చోటు లేదు. తుగ్గలి వైపు బండ్లు కూడా మన దగ్గరికే వస్తున్నాయి. పని ఎక్కువగా ఉంది. మీ అత్తకు మోకాళ్ల నొప్పి. నాకు నాలుగు రోజులు జ్వరం వచ్చి తగ్గింది.

శంకరన్న చిక్కిపోయాడు. బెల్టుకు కొత్తగా రెండు బెజ్జాలు కొట్టుకున్నాడు. మొన్న గుంతలో నుంచి పైకి రావడానికి నా చెయ్యి పట్టుకున్నాడు. ఇన్నేళ్లలో ఆయన నా చెయ్యి పట్టుకోవడం ఇదే మొదలు.

మాట వరసకు ఒకటి అడుగుతున్నాను. ఎవరో ఒకరు, తెలియక, ఆ గిన్నెలో కాగితం మార్చారనుకో. అప్పుడు ఏమవుతుంది?

మామ.


ఎమ్మిగనూరు,
నవంబరు 11, 2024.

మామా,

మాట వరసకే చెబుతున్నాను. అలా మార్చి ఉంటే, ఆ షెడ్డులో ఉన్న పదకొండు మందికి స్కాన్ ఉండదు. వాళ్లలో ఎవరికైనా లోపల ఏదైనా మొదలై ఉంటే, అది ఎవరికీ తెలియకుండా పెరుగుతుంది.

అలా మార్చిన మనిషి నాకు చెబితే నేను కోపం చేసుకోను. నా దగ్గర కూడా ఆయనకు చెప్పవలసిన మాట ఒకటి ఉంది.

స్వప్న.


ఆదోని,
నవంబరు 15, 2024.

తల్లీ స్వప్నా,

నేనే మార్చాను.

ఆ రోజు నువ్వు చెప్పింది నాకు ఒక్క ముక్క వినబడలేదు. చెవిటివాడని అందరి ముందూ అనిపించుకోవడం ఇష్టం లేక తల ఊపాను. కొలిచేది డబ్బా అనుకున్నాను. మూడున్నరకు, ఇంకాసేపటికి మీ జీపు వస్తుందనగా, తుడుద్దామని గిన్నె విప్పాను. లోపల ఫిల్టరు నల్లగా ఉంది. మీరు మిషన్ తెచ్చిన పెట్టెలో చూస్తే కొత్తవి మూడు ఉన్నాయి. ఒకటి తీసి వేసి, గిన్నె బిగించాను.

నన్ను మోసగాడు అనుకోవద్దు. ఎవరి బండి అయినా సరే, నా చేతిలో నుంచి మురికి ఫిల్టరుతో బయటికి పోతే అది నాకు సిగ్గు. శంకరన్న నాకు మొదటి నెలలో నేర్పింది అదే. ఓనరు చెప్పినా చెప్పకపోయినా ఫిల్టరు చూడు, మురికైతే మార్చు, మార్చిన పాతది పారెయ్యకుండా ఓనరుకు చూపించు. నువ్వు నా కోడలివి, చదువుకుని మొదటిసారి మా షెడ్డుకు వచ్చావు. నీ మిషన్‌ను మురికి ఫిల్టరుతో పంపిస్తానా? పాతదాన్ని కవర్‌లో పెట్టాను, మీ డ్రైవరుకు చూపిద్దామని. అతను తొందరలో ఉండి నిలబడలేదు. అది నా సొరుగులోనే ఉండిపోయింది.

నీ పెద్ద ఉత్తరం దసరాకు మూడు రోజుల ముందు వచ్చింది. మొదటిసారి చదివాను, అర్థం కాలేదు. రెండోసారి చదివి, లేచి పోయి సొరుగు తీశాను. ఆ కాగితం అరచేతిలో పెట్టుకుని వెలుతురులో చూశాను. నల్లగా, మెత్తగా, అంచు మాత్రం గుండ్రంగా తెల్లగా ఉంది. ఒక్క పూట గాలి అది. ఆ రోజు షెడ్డులో పొగ కూడా లేదమ్మా. నేనే చూశాను, గొట్టాలన్నీ శుభ్రంగా ఉన్నాయి. ముప్పై నాలుగేళ్లు పొగ చూసి రోగం చెప్పానని మురిసిపోయినవాణ్ణి, అసలు రోగం నాకు కనపడనే లేదు. నాకు భయం కూడా వేయలేదు మొదట. ఇంత గాలి, ఇంత సన్నటి మసి, ఇన్నాళ్లూ నా చుట్టూ ఉండి నన్ను తాకుతూ ఉందా అని ఆశ్చర్యంతో కూర్చుండిపోయాను. భయం తరువాత వచ్చింది.

అప్పుడే చెప్పవలసింది. ఆయుధ పూజ రోజు స్పానర్లతో, జాకీలతో పాటు మీ ఫ్రేము కూడా వరుసలో పెట్టారు. దేవేంద్రప్ప దానికి కుంకుమ పెట్టాడు. శంకరన్న గుమ్మడికాయ కొట్టాడు. అంతా తెలిసి కూడా నిలబడి హారతి కళ్లకు అద్దుకున్నాను. మసి బయటపడితే మా షెడ్లను ఊరి బయటికి తోస్తారని దేవేంద్రప్ప మొదటి నుంచి అంటున్నాడు. ఆ మాట అడ్డం పెట్టుకుని నెల రోజులు నోరు మూసుకున్నాను. ఆ నెలంతా శంకరన్న నా పక్కనే దగ్గాడు.

నిన్న దేవేంద్రప్పకు చెప్పాను. తిడతాడనుకున్నాను. ఫ్రేము దించి, కుంకుమ తుడిచి, “పదకొండు మంది ఇండ్లల్లో దీపాలప్పా ఇవి. షెడ్డు యాడికి పోతే ఆడికే పోదాం, పిల్చు ఆ యమ్మిని” అన్నాడు. మనిషిని చూసి ఏమీ చెప్పలేం.

శంకరన్నకు ఇంకా చెప్పలేదు. నల్ల కాగితం ఈ కవర్‌లోనే పెట్టాను. దేనికైనా పనికొస్తే చూడు. తొందరగా రా.

మామ.


ఎమ్మిగనూరు,
డిసెంబరు 12, 2024.

మామా,

పోయిన నెలాఖరులో మళ్లీ పంపులు కట్టడానికి షెడ్డుకు వచ్చినప్పుడు పని హడావిడిలో నీతో మాట్లాడలేకపోయాను. అందరి ముందూ మాట్లాడే మాట కూడా కాదు. నేను చెప్పవలసింది ఉందన్నాను కదా, అది ఇదే.

ప్రతి పెట్టెలోనూ గాలి సోకని కొత్త కాగితాలు మూడు పెట్టి పంపుతాం. వాడిన కాగితంతో పోల్చి చూసేది వాటినే, అందుకని అవీ లెక్కతో తిరిగి రావాలి. నీ పెట్టె ఆగస్టులో తిరిగి వచ్చిన రోజే నేను విప్పి చూశాను. రెండే ఉన్నాయి. నువ్వు ఏం చేసి ఉంటావో నాకు ఆ క్షణమే అనుమానం వచ్చింది. సార్‌కు చెప్పలేదు. ఒకటి దారిలో చెడిపోయిందని రాసేశాను. నా మామ కాగితం మార్చాడని నలుగురిలో ఎలా చెప్పను? నిన్ను సూటిగా ఎలా అడగను? చిన్నప్పుడు మన ఊరికి వచ్చినప్పుడల్లా నన్ను సైకిల్ ముందు కూర్చోబెట్టుకుని బడికి దింపిన మనిషివి. మేకుకు తగిలించావా అని చుట్టూ తిప్పి అడిగాను. గనుల కథ రాశాను. నువ్వే చెబుతావని ఎదురు చూశాను. నువ్వు దాచింది ఒక నెల. నేను దాచింది మూడు నెలలు. నేను చదువుకుని, తెలిసి దాచాను. తప్పు నాదే పెద్దది మామా. సార్‌కు అంతా చెప్పాను. ఆయన అరవలేదు. “ముందు జీపు తియ్యండి” అన్నారు. ఆ మాట తిట్టు కన్నా గట్టిగా తగిలింది.

కొత్త ఫలితాలు వచ్చాయి. మీ షెడ్డులో మసి అమ్మ మగ్గం దగ్గర ఉన్న దానికి ఎనిమిది రెట్లు. గుంతలో శంకరన్న మామ దగ్గర ఇంకా ఎక్కువ. పొగ బరువై గుంతలోకి దిగి నిలిచిపోతుంది. మొత్తం పదకొండు మంది పేర్లు జాబితాలో ఎక్కాయి. జనవరి మొదటి వారంలో బండి వస్తుంది.

లెక్క కూడా చెబుతాను, ఎందుకంటే నువ్వు అడుగుతావు. ఇలాంటి గాలి వెయ్యి మంది నలభై అయిదేళ్లు పీలిస్తే, మామూలుగా ఈ జబ్బుతో పోయేవాళ్ల పైన ఇంకో యాభై అరవై మంది పోవచ్చని ఒక అంచనా. దీన్ని తగ్గించి చెప్పేవాళ్లూ ఉన్నారు, పెంచి చెప్పేవాళ్లూ ఉన్నారు. అందరూ ఒప్పుకునేది ఒకటే. ఆ అరవై మంది ఎవరో ఏ మిషనూ ముందుగా చెప్పలేదు. లెక్క వెయ్యి మందిది, ఊపిరి మాత్రం ఒక్కొక్కరిది. ఇంత తెలిసి కూడా ఇంత తెలియదు అన్నది నన్ను ప్రతిసారీ నిలబెట్టేస్తుంది.

నువ్వు పంపిన నల్ల కాగితం మూత లేకుండా వచ్చింది కాబట్టి లెక్కకు పనికిరాదు. ఊరికే మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. కోట్ల గుత్తులు. నీ ఒక్క పూట.

శంకరన్న మామకు నువ్వే చెప్పు. వేరే ఎవరి నోటి నుంచీ ఆయన వినకూడదు.

స్వప్న.


ఆదోని,
ఫిబ్రవరి 16, 2025.

తల్లీ స్వప్నా,

నిన్ననే కర్నూలు నుంచి వచ్చాను. అన్నీ వరసగా రాస్తాను.

స్కాన్‌లో పదిమందికి ఏమీ లేదు. నాకు కూడా లేదు. శంకరన్నకు కుడివైపు ఉంది, రేగిపండంత. డాక్టరమ్మ కంప్యూటరు మీద చూపించింది. మనిషిని కోయకుండానే లోపల ఒక్కొక్క పొర విడదీసి, పుస్తకం తిప్పినట్టు తిప్పి చూపిస్తుంటే నేను కుర్చీ ముందుకు జరుపుకుని చూశాను. నీ పంపు చూసినప్పుడు దండం పెట్టాలన్నాను, ఇక్కడ నిజంగానే చేతులు జోడించాను. ఆమె నవ్వి, ఇంకా పక్కకు పాకలేదు, కోసి తీసేయవచ్చు అంది.

నేను ఒక మాట అడిగాను. మూడు నెలల ముందు వచ్చి ఉంటే ఇది ఇంకా చిన్నగా ఉండేదా? ఆమె మళ్లీ తెర చూసి, ఉండవచ్చు, చెప్పలేను అంది. డీజిల్ వల్లేనా అని అడిగాను. అదీ చెప్పలేను, ఒక్క మనిషిలో ఏది దేని వల్ల వచ్చిందో విడదీయలేం అంది. నువ్వు రాసిన మాటే. ఒకే షెడ్డు, ఒకే గాలి, ఒకే గిన్నెలో అన్నం తిన్నాం. ఆయనకు వచ్చింది, నాకు రాలేదు. ఎందుకని నన్ను వదిలి ఆయన్ను పట్టుకుంది? రోజూ పొద్దున లేవగానే ఈ ప్రశ్న వస్తుంది. జవాబు లేదని తెలుసు. అయినా లేచి కూర్చుని నా ఊపిరి లోపలికి పోయి బయటికి రావడం గమనిస్తాను. ఇంత వయసు వచ్చాక, ఊపిరి ఒకటి ఉందని ఇప్పుడు తెలిసింది.

ఆపరేషన్ పదో తేదీ జరిగింది. బాగా జరిగింది. కుడి ఊపిరితిత్తిలో ఒక భాగం తీసేశారు. మిగిలినదానితో బతకవచ్చునట, గుంతలోకి మాత్రం దిగకూడదట.

ఆయనకు నేను చెప్పలేదు, ఆపరేషన్‌కు ముందు. ధైర్యం చాలలేదు. మొన్న కూర్చోబెట్టి గంజి తాగిస్తున్నారు. భార్య ఉరుకుందమ్మ పక్కనే ఉంది. అప్పుడు మొత్తం చెప్పాను. కాగితం మార్చింది, దాచింది, ఆయుధ పూజ రోజు హారతి అద్దుకున్నది, అన్నీ. నా వల్ల నీకు మూడు నెలలు పోయినాయన్నా, నన్ను ఏమైనా అను, అన్నాను. నువ్వు దాచిన సంగతి మాత్రం చెప్పలేదు. అది నా మీదే ఉండనీ.

ఆయన గంజి గిన్నె పక్కన పెట్టి, కుట్ల మీద చెయ్యి పెట్టుకుని, నన్నే చూశాడు. కోప్పడతాడని తల వంచుకున్నాను. ఒక్కొక్క మాటకు ఊపిరి తీసుకుంటూ అన్నాడు.

“మురికి ఫిల్టరు మార్చకుండా పంపించింటే, నేనే నిన్ను చెప్పు తీసుకొని కొట్టింటి కదరా కుమారా.”

అంతే తల్లీ. నేను ఏడ్చాను. వార్డులో అందరూ చూస్తున్నా ఆపుకోలేకపోయాను. ఉరుకుందమ్మ తువ్వాలు నా చేతికిచ్చి, “కోసింది మా ఆయన్నా, నిన్నా?” అని అడిగింది.

మీ మామ,
కుమారస్వామి.